డాక్టరమ్మ బిగించిన గొట్టాలు

మా పక్కింటి డాక్టరమ్మ ఇక లేరన్న మాట విన్నప్పుడు నేను వంటింటి గడప దగ్గర కూర్చొని పచ్చిమిరపకాయల తొడిమలు తీస్తున్నాను. నా సంగతి మా సందులో అందరికీ తెలిసిందే. బిడ్డ ఆఫీసు నుంచి రావడం కాస్త ఆలస్యమైతే గేటు పట్టుకొని నిలబడతాను. అంబులెన్సు చప్పుడు వినబడితే మనవాళ్ళంతా ఎక్కడెక్కడ ఉన్నారో మనసులో ఒకసారి చూసుకుంటాను. గ్యాసు కట్టేసి పడుకొని, మళ్ళీ లేచి వెళ్ళి చూస్తాను. అలాంటిదాన్ని ఆ పొద్దున మాత్రం ఏ భయమూ లేకుండా ఉన్నాను. మా అమ్మాయి ఫోను చేతిలో పట్టుకొని వచ్చి నా పక్కన కింద కూర్చుంది. తను ఎప్పుడూ కింద కూర్చోదు.

"అమ్మా, డాక్టరమ్మ పోయిందంట. దవాఖానలనే. తెల్లారంగ" అంది.

ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందని చేర్పించారు. నాలుగు రోజులు ఉంచుకొని పంపిస్తారులే అనుకున్నాం. మిరపకాయలు ఆ రోజంతా చేటలోనే ఉండిపోయాయి.

మన కాలనీ పత్రికలో ఆమె గురించి రాయమని సంఘంవాళ్ళు నన్ను అడిగారు. ఆమె ఎంత పెద్ద డాక్టరో, ఎంతమంది తల్లులకు పురుడు పోశారో రాయడానికి మీలో చాలామంది ఉన్నారు. ఆమె చేతుల్లో పుట్టినవాళ్ళే ఇప్పుడు కంపెనీల్లో పెద్ద ఉద్యోగాలు చేస్తున్నారు. నాకు చదువు తక్కువ. నేను రాయగలిగింది ఒక్క సంగతే. ఆ డాక్టరమ్మ తన కారుకు పొగ గొట్టాలు తన చేతులతోనే మార్చుకున్నారు. అప్పుడు నేను పక్కన ఉన్నాను. చూసిందాన్ని కాబట్టి రాస్తున్నాను.

నేను గోపన్‌పల్లికి కాపురానికి వచ్చినప్పుడు ఇక్కడ జొన్నచేలు ఉండేవి. ఇప్పుడు మా డాబా మీద నిలబడితే ఎటు చూసినా అద్దాల మేడలే. డాక్టరమ్మ ఉద్యోగం మానుకున్నాక మా పక్క ఇల్లు కొనుక్కొని వచ్చారు. కోస్తా వైపు మనిషి. ఎవరినైనా అండి అనే పిలుస్తారు. వీధికుక్క గేట్లోకి వస్తే "బయటికి వెళ్ళండి" అంటారేమోనని మేం నవ్వుకునేవాళ్ళం. నన్ను అక్కగారూ అనేవారు. ఇద్దరివీ ఒంటరి పగళ్ళు. గోడకు అటూ ఇటూ నిలబడి మాట్లాడుకునేవాళ్ళం.

ఆమె కారు మీరంతా చూసే ఉంటారు. రెండే సీట్లు. నేరేడుపండు రంగు. పందెపు కారట. నేలకు ఎంత దగ్గరగా ఉంటుందంటే మా గేటు ముందు స్పీడు బ్రేకరు దాటేటప్పుడు పొట్ట రాసుకుపోతుందని నాకు గుబులుగా ఉండేది. ఆదివారం తెల్లవారగానే, ఆఫీసు బస్సులు లేని రోడ్ల మీద ఒక చుట్టు తిరిగి వచ్చేవారు. వచ్చేదాకా నేను గేటు దగ్గరే ఉండేదాన్ని.

"గింత పెద్ద డాక్టరు, నలుగురు కూసునే కారు దొరకలేదా మీకు?" అని ఒకసారి అడిగాను.

"నాకు కావలసింది నాతో పాటు ఇంకొక్కరేనండి. ఆ ఒక్కరు మీరవుతారా?"

"వద్దమ్మా. దాంట్ల కూసుంటే రోడ్డు మీద సాప ఏసుకొని కూసున్నట్టే ఉంటది."

ఆమె నవ్వితే ముక్కు మీద కళ్ళజోడు కిందికి జారేది. దాన్ని చేత్తో పైకి తోసుకునేవారు కాదు. తలను వెనక్కి వంచేవారు. ఆ అలవాటు ఎందుకో నాకు తర్వాత తెలిసింది.

ఒకరోజు బట్టలు ఆరేస్తూ గోడ మీదుగా చూస్తే వాళ్ళ పోర్టికోలో కారు కింద నుంచి రెండు కాళ్ళు బయటికి వచ్చి ఉన్నాయి. పాదాలు కదలడం లేదు. నా చేతిలో తడిచీర అలాగే కింద పడిపోయింది.

"ఓయమ్మో! డాక్టరమ్మ కారు కింద పడ్డదో! ఎవరన్న రాన్రి!" అని అరుస్తూ వాళ్ళ గేట్లోకి పరుగెత్తాను.

కారు కింద నుంచి నింపాదిగా మాట వచ్చింది. "బతికే ఉన్నానండి. వచ్చారు కాబట్టి ఆ టార్చి ఇలా అందిస్తారా?"

టార్చి అందించాను. చెయ్యి చాచి తీసుకున్నారు. ఆ వెలుగు కారు అడుగున గుండ్రంగా పడింది. పడినచోట నిలవలేదు. గాలికి దీపం ఊగినట్టు అటూ ఇటూ కొట్టుకుంటోంది. నేను వంగి చూశాను. ఊగుతున్నది ఆమె చెయ్యి.

ఆ సాయంత్రం టీ తాగుతూ ఆమే చెప్పారు. కప్పును రెండు చేతులతో పట్టుకునేవారు. చలికి అనుకునేదాన్ని.

"వణుకు జబ్బండి. కుడిచెయ్యితో మొదలైంది. ఇంకా ఎవరికీ తెలియదు అప్పటికి. ఒకరోజు ఆపరేషన్ థియేటర్లో కత్తి పట్టుకోగానే దాని మొన కదలడం కనబడింది. పక్కనున్న చిన్న డాక్టరమ్మకు ఇచ్చేసి బయటికి వచ్చాను. మళ్ళీ లోపలికి వెళ్ళలేదు."

"ఎవరన్న పొమ్మన్నరా?"

"ఎవరూ అనలేదు. వాళ్ళు అనేదాకా ఆగితే అప్పటికి ఎవరికో ఏదో అయి ఉండేది కదండీ."

అంత పెద్ద పనిని అంత తేలికగా చెప్పారు. అదే నేనైతే నెలల తరబడి ఏడ్చేదాన్ని. ఆమె టీ పూర్తిచేసి కప్పు కింద పెట్టి, అసలు సంగతి చెప్పారు. మందులు జబ్బును ఆపవట, కాస్త ఆలస్యం చేస్తాయట. చేతులు పూర్తిగా మాట వినకుండా పోకముందే ఒక్క పనైనా మొదటినుంచి చివరిదాకా వాటితో చేయాలట. ఇంకొకరి చెయ్యి పడకూడదట.

"కారుకు కొత్త గొట్టాలు తెప్పించాను అక్కగారూ. నేనే బిగిస్తాను. బిగించగలిగితే ఈ చేతులు ఇంకా నావే అనుకుంటాను. లేకపోతే కారు మా మేనకోడలికి ఇచ్చేస్తాను. మళ్ళీ దాని తాళంచెవి ముట్టను."

గొట్టాలు ఏమిటంటే, పెట్టె విప్పి చూపించారు. వెండిలా మెరుస్తున్నాయి. నాలుగు గొట్టాలు విడివిడిగా మొదలై, వంపులు తిరిగి, కిందికి వచ్చేసరికి ఒకటిగా కలిశాయి. "గిది జడ లెక్కుంది" అన్నాను. ఆమెకు ఆ మాట చాలా నచ్చింది. తర్వాత ఎవరికి చెప్పినా జడే అనేవారు.

"ఈ ఇంజనుకు నాలుగు గదులండి. ప్రతి గదీ పొగ వదలాలి. కంపెనీవాళ్ళు పెట్టిన ఇనప గొట్టంలో నలుగురూ ఒకే ఇరుకు గుమ్మంలోంచి తోసుకుంటూ వెళ్ళాలి. ఒకరి ఊపిరి ఇంకొకరికి అడ్డం. ఇందులో ఎవరి దారి వాళ్ళది. కొంతదూరం వెళ్ళాక నెమ్మదిగా కలుస్తారు."

"గట్లయితే చప్పుడు పెరగదా? పోలీసోళ్ళు పట్టుకోరా?"

"వెనకనున్న సైలెన్సరును ముట్టుకోవడం లేదండి. చప్పుడు పెరగదు, గొంతు మారుతుంది."

తర్వాత నా వైపు తిరిగి, "నా పక్కన మీరు ఉండాలి" అన్నారు.

"నేనా? నాకు సైకిలు తొక్కుడు గూడ రాదు. సూస్తెనే పానం కొట్టుకుంటది."

"అందుకేనండి. థియేటర్లో నాకు ఒక సిస్టరు ఉండేది. ప్రతిదానికీ భయమే. అందరూ ఆమెను ఏడిపించేవాళ్ళు. ఆమె పక్కన ఉన్నన్నాళ్ళూ ఏ తల్లి కడుపులోనూ గుడ్డముక్క మరిచిపోలేదు మేము. మీరు పని చేయొద్దు. భయపడండి, చాలు."

నా భయాన్ని తిట్టినవాళ్ళున్నారు, నవ్వినవాళ్ళున్నారు. అది కావాలని అడిగినవాళ్ళు నా జన్మలో ఆమె ఒక్కరే.

వానలు వెనకబట్టాక ఒక ఆదివారం మొదలుపెట్టారు. ముందురోజే తుప్పు పట్టిన నట్ల మీద నూనె చిమ్మి నాననిచ్చారు. పొద్దున్నే సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కున్నారు. మట్టిలో పడుకోబోయే మనిషి అన్నేసి సార్లు చేతులు కడగడం నేను ఎక్కడా చూడలేదు. బల్ల మీద ఆకుపచ్చ బట్ట పరిచి, పానాలు వరసగా పేర్చారు. ఎక్కడిది అక్కడే ఉండాలి. తీసింది మళ్ళీ అక్కడే పెట్టాలి. బ్యాటరీ తీగ ఊడదీశారు. కారును జాకీతో లేపి, ముందుచక్రాలు తీసి, ఇనుప స్టాండ్ల మీద నిలబెట్టారు.

"ఇప్పుడు తొయ్యండి అక్కగారూ. మీ బలమంతా పెట్టి తొయ్యండి. మీకు నమ్మకం కుదిరితేనే కిందికి వెళ్తాను."

చీరకొంగు నడుముకు చుట్టి తోశాను. అటునుంచి తోశాను, ఇటునుంచి తోశాను. కదల్లేదు. అయినా నాకు నమ్మకం కుదరలేదు.

"ఆ తీసిన చక్రాలు ఊరికే గోడకు పెట్టిన్రు గదా. అవి గూడ కారు కిందికి నూకున్రి. అది పడ్డా వాటి మీదనే పడుతది."

ఆమె ఆగి నా వంక చూశారు. "ఇది నాకు తట్టలేదు చూడండి" అని చక్రాలు రెండూ కారు కిందికి దొర్లించారు. ఆ తర్వాతే పడుకొని కిందికి జరిగారు.

పాత గొట్టాన్ని ఊడదీయడానికే పొద్దు నెత్తిమీదికి వచ్చింది. కింద పెద్ద బోల్టులు వదిలాయి. పొగ వాసన పసిగట్టే చిన్న తీగ ఒకటి ఉంటుందట, దాన్ని నాగుపిల్లను పట్టుకున్నట్టు మెల్లగా తప్పించారు. పైన నట్లన్నీ ఒక్కొక్కటే వచ్చాయి. చివరిది, ఇంజను వెనక మూలన ఉన్నది, మొండికేసింది. ఆమె పానా వేసి కొంచెం తిప్పి చూసి, తీసేశారు.

"జర గట్టిగ గుంజున్రి" అన్నాను.

"గట్టిగా లాగితే విరుగుతుందండి. సగం లోపలే ఉండిపోతుంది. ఇంకొంచెం నూనె తాగనిద్దాం. రండి, పెరుగన్నం తిందాం."

నాకు ముద్ద దిగలేదు. ఆమె మాత్రం ఊరగాయ నంజుకొని హాయిగా తిన్నారు. కాన్పుల కబుర్లు చెప్పారు. తొందరపడే మొగుళ్ళ గురించి, తలుపు బయట గొడవ చేసే అత్తల గురించి చెప్పారు. "నెప్పులు ఆగిపోయాయంటే బిడ్డ రావడం లేదని కాదండి, సర్దుకుంటోందని" అన్నారు. తిన్నాక వెళ్ళి పానా వేశారు. అరగంట కిందట రాయిలా ఉన్న నట్టు కీచుమని ఒక్క అరుపు అరిచి కదిలింది. అంత మెత్తగా అడిగితే ఇనుము కూడా మాట వింటుందని అప్పుడు చూశాను.

పాత గొట్టం బయటికి వచ్చాక ఇంజను పక్కన నాలుగు నల్లటి రంధ్రాలు కనబడ్డాయి. వాటిలోకి దుమ్ముగానీ తుప్పుగానీ పడకూడదని గుడ్డలు కుక్కారు. ఆ గుడ్డలు నా పాత చీర నుంచి చింపినవే.

"నాలుగు రంధ్రాలు, నాలుగు గుడ్డలు. ఈ లెక్క మీదేనండి" అన్నారు.

ఆ చోటంతా గీకి తుడిచారు. అతుకులోంచి పొగ కారకుండా కొత్త ప్యాకింగు పెట్టారు. కొత్త గొట్టాలను కింద నుంచి పైకి చేర్చాలి. ఆమె కింద నుంచి ఎత్తితే నేను పైనుంచి జారకుండా పట్టుకున్నాను, అంతే. ఆమె లేచి వచ్చి ఒకచేత్తో గొట్టాలను నడిపిస్తూ, ఒకచేత్తో గుడ్డలు లాగేసి పక్కనున్న పళ్ళెంలో పడేస్తూ, బోల్టుల మీద కూర్చోబెట్టారు. కూర్చున్నాయి. ఇక నట్లు.

ఆమెది ఒక మాట ఉండేది. వేళ్ళతో మొదలుపెట్టాలి, పానాతో ముగించాలి. నట్టును మొదటే పానాతో తిప్పితే అడ్డంగా ఎక్కి మర పాడైపోతుందట. వేళ్ళతో పెట్టి, తిన్నగా ఎక్కిందని వేళ్ళకు తెలిశాకే పానా ముట్టాలి. అంటే పానా పనికి వణుకు పెద్ద అడ్డం కాదు. వేళ్ళ పనికే అడ్డం.

మొదటి నట్టు బోల్టు దాకా వెళ్ళి, మొనను తాకి, జారి కింద పడింది. తీసిచ్చాను. మళ్ళీ పడింది. మళ్ళీ తీసిచ్చాను. ఎన్నిసార్లు వంగానో నా నడుముకే తెలుసు. ఆమె పెదవి మీద చెమట పట్టింది. వేళ్ళు ఆ నట్టును పట్టుకొని వడగళ్ళు కొట్టినట్టు ఆ బోల్టు మొన మీద టకటకమని కొట్టుకుంటున్నాయి.

అప్పుడే మా అమ్మాయి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. "అమ్మా, నీకేమన్న పనుందా లేదా? పొద్దుటికెళ్ళి ఈడనే ఉన్నవ్" అని, డాక్టరమ్మ చేతులు చూసి గొంతు తగ్గించింది. "ఆంటీ, నేను మిస్త్రీకి ఫోన్ చెయ్యనా? బోరబండల తెలిసినాయన ఉన్నడు. వచ్చి జెప్పన పెట్టిపోతడు."

డాక్టరమ్మ మళ్ళీ నట్టు కోసం చెయ్యి చాచారు. నా మనసు ఆగలేదు. "నేను పెడత డాక్టరమ్మా. నా యేళ్ళు మంచిగనే ఉన్నయ్ గదా. ఒక్కసారి పెడితే తర్వాత మీరే తిప్పుకోన్రి."

"మీరు పెడితే తప్పకుండా ఎక్కుతుందండి. కానీ అప్పుడు నాకు తెలియాల్సింది తెలియదు."

కోపంగా అనలేదు. మా అమ్మాయి ఫోను జేబులో పెట్టుకుంది. ఇంట్లోకి వెళ్ళి ఒక దిండు తెచ్చి ఆమె మోచేతి కింద, కారు అంచు మీద పెట్టింది. నేను చెప్పలేదు. దానికే తోచింది.

డాక్టరమ్మ ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకున్నారు. మోచెయ్యి దిండులో దిగింది. కళ్ళు మూసుకున్నారు. నిండుగా గాలి పీల్చుకొని మెల్లగా వదిలారు. ఊపిరి మొత్తం వదిలాక, మళ్ళీ పీల్చేలోపు ఒక్క లిప్తకాలం ఉంటుంది చూడండి, ఆ లిప్తలో వేళ్ళు నిలిచాయి. నా కళ్ళతో చూశాను. పొద్దుటి నుంచి కొట్టుకుంటున్న చెయ్యి చెరువు నీళ్ళలా నిలిచింది. ఆ లిప్తలోనే నట్టును బోల్టు మీద ఆనించి మొదట వెనక్కి తిప్పారు. టిక్కుమని ఏదో సర్దుకుంది. అప్పుడు ముందుకు తిప్పారు. ఎక్కింది.

మళ్ళీ వణుకు మొదలైంది. ఆమె పట్టించుకోలేదు. ఇంకో నట్టు తీసుకున్నారు. మళ్ళీ పీల్చడం, వదలడం. అలా ఊపిరికి ఒక చుట్టు, ఊపిరికి ఒక చుట్టు. మా అమ్మాయి ఆ తర్వాత ఇంటికి వెళ్ళనే లేదు. మెట్టు మీద కూర్చొని చూసింది. మేమిద్దరం కూడా ఆమెతో పాటే ఊపిరి పట్టి, ఆమెతో పాటే వదిలాం. నేను గుళ్ళో కూడా అంత నిశ్శబ్దంగా నిలబడలేదు.

నట్లన్నీ ఎక్కాయి. నడిమి నుంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటి పానాతో బిగించారు. బిగువు సరిపోగానే టక్కుమనే పెద్ద పానా ఒకటి ఉంది, అది అన్నింటికీ టక్కుమంది. మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. నేను మాత్రం పళ్ళెంలో గుడ్డలు ఎత్తుతున్నాను. మూడే ఉన్నాయి.

మళ్ళీ చూశాను. మూడే. చెప్పకపోతే బాగుండునని ఒక్క నిమిషం అనిపించింది. ఆమె ముఖం అంత వెలిగిపోతోంది.

"డాక్టరమ్మా, గుడ్డ ఒకటి తక్కువున్నది."

ఆమె ముఖంలో నవ్వు ఆగిపోయింది. కారు కింద చూశాం, మొక్కల్లో చూశాం, చెత్తబుట్ట బోర్లించాం. ఎక్కడా లేదు. మా అమ్మాయి అంది, "గాలికి ఎటన్న పోయిందేమో ఆంటీ. లోపల ఎందుకుంటది? మీరే గుంజిన్రు గదా."

డాక్టరమ్మ నన్ను అడిగారు. "అక్కగారూ, నాలుగూ బయటికి రావడం మీరు చూశారా?"

"చూడలేదు. నా రెండు చేతులతో గొట్టాలు పట్టుకొని ఉన్న."

"అయితే విప్పుదాం."

"వద్దు డాక్టరమ్మా! మీ చేతులు ఇప్పటికే అలిసినయ్. గింత కష్టపడి ఎక్కించి..."

"లెక్క తేలకుండా కుట్లు వేయకూడదండి" అన్నారు.

చేసిన పనినంతా ఆ చేతులతోనే విప్పారు. ఒక్కసారి కూడా నిట్టూర్చలేదు. గొట్టాలు దించి, టార్చి వేసి ఒక్కొక్క రంధ్రంలోకి ముగ్గురం తొంగిచూశాం. నాలుగూ ఖాళీ. నల్లగా, శుభ్రంగా ఉన్నాయి. అది చూసి నాకు ఏడుపొచ్చింది. ఉత్తపుణ్యానికి నా నోటితో ఆమె పనంతా విప్పించాను కదా అని.

టార్చి పెట్టడానికి ఆమె అటు తిరిగారు. చున్నీని నడుముకు చుట్టి వెనక ముడివేసుకున్నారు ఆ రోజు. ఆ ముడిలో నా పాత చీర గుడ్డ ఇంత తోకలా వేలాడుతోంది. లాగుతూ లాగుతూ పళ్ళెంలో వేయాల్సింది చేతికి అడ్డమని అక్కడ దోపుకున్నారన్నమాట.

"ఆంటీ! మీ నడుముకే ఉన్నది!" అని మా అమ్మాయి అరిచింది.

డాక్టరమ్మ చేత్తో తడుముకున్నారు. బయటికి లాగి చూసుకున్నారు. ఇక నవ్వడం మొదలుపెట్టారు చూడండి, నిలబడలేక నేల మీద కూర్చుండిపోయారు. కళ్ళజోడు జారి ఒళ్ళో పడింది. "థియేటర్లో అయితే సిస్టరు నన్ను నమిలి మింగేసేది అక్కగారూ" అని మళ్ళీ నవ్వారు. నేను ఏడుస్తూనే నవ్వాను.

"మీకు బాధ లేదా డాక్టరమ్మా? మళ్ళా మొదటికెళ్ళి చెయ్యాలె గదా?"

"మొదటిసారి ఏదో అదృష్టం కొద్దీ ఎక్కిందేమోనని నాకు లోపల అనుమానంగానే ఉందండి. రెండోసారి చేస్తే తెలిసిపోతుంది."

రెండోసారి ఎక్కించారు. ఈసారి గుడ్డలు నా చేతికే ఒక్కొక్కటి ఇచ్చి, ఇచ్చినప్పుడల్లా నా ముఖం చూశారు. నట్లు కింద పడలేదనను. పడ్డాయి. మొదటిసారి పడ్డన్ని పడలేదు. పొద్దు గూకేలోపు పెద్ద పానా మళ్ళీ అన్నింటికీ టక్కుమంది.

ఆ తర్వాత కూడా ఆమె చాలాకాలం ఆ కారు నడిపారు. ఆదివారాలు నన్ను కూడా ఎక్కించుకున్నారు. మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చొని, దేవుళ్ళందరినీ మొక్కుకుంటూ కొత్త రోడ్లన్నీ తిరిగాను. నేను అరిస్తే స్పీడు తగ్గించేవారు. ఒకరోజు తనంతట తానే తాళంచెవి తెచ్చి మేనకోడలి చేతిలో పెట్టారు. థియేటర్లో కత్తి ఇచ్చేసినట్టే. ఎవరూ అడగలేదు. తర్వాత గుండీలు కూడా పెట్టుకోలేని రోజులు వచ్చాయి. పొద్దున్నే గోడ దగ్గర నిలబడితే నేనే పెట్టేదాన్ని. "వేళ్ళతో మొదలుపెట్టండి అక్కగారూ" అని నవ్వేవారు. దవాఖానకు తీసుకుపోయే రోజు కూడా పైగుండీ నేనే పెట్టాను. గొంతుకు గాలి తగులుతుందని నా భయం.

ఆమె లేరన్న దగ్గరినుంచి కళ్ళు మూసుకుంటే గుండీలు గుర్తురావడం లేదు, దవాఖాన గుర్తురావడం లేదు. గొట్టాలు బిగించిన మర్నాటి పొద్దు గుర్తొస్తోంది.

ఆ పొద్దున చక్రాలు బిగించి, కారును కిందికి దించి, బ్యాటరీ తీగ తగిలించారు. కొత్త గొట్టాలను స్పిరిటుతో తుడిచారు. వేలిముద్రలు ఉంటే వేడికి అవి అలాగే మచ్చలు పడతాయట. నేను నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాను. వద్దనలేదు. బొట్టు మాత్రం గొట్టాల మీద వద్దని, స్టీరింగుకు పెట్టించుకున్నారు. బానెట్ తెరిచే ఉంచి, లోపల కూర్చొని తలుపు తీసిపెట్టుకున్నారు. నేను బకెట్టుతో ఇసుక పట్టుకొని నిలబడ్డాను.

తాళంచెవి తిప్పారు. ఇంజను ఒకసారి దగ్గింది. తర్వాత అందుకుంది. గొట్టాల మీద మిగిలిన నూనె వేడెక్కి సన్నటి పొగ లేచింది. నేను బకెట్టు ఎత్తబోతే, "ఆగండాగండి, అది కాలిపోయే పొగే" అన్నారు. పొగ తగ్గింది. చప్పుడు మిగిలింది. ఇదివరకు ఆ కారు గొంతు బొంగురుగా, ఎవరితోనో పోట్లాడుతున్నట్టు ఉండేది. ఇప్పుడు నలుగురు ఒకే శ్రుతిలో కూనిరాగం తీస్తున్నట్టుంది. ఎక్కడా బుసబుసమని గాలి కారడం లేదు. ఆమె తల ఒకపక్కకు వంచి వింటున్నారు. బిడ్డ గుండె వినేటప్పుడు అలాగే వినేవారేమో.

నేను బకెట్టు కింద పెట్టి, కారు పైకప్పు మీద చెయ్యి ఆనించాను. కారంతా సన్నగా వణుకుతోంది. తలుపు వణుకుతోంది. అద్దం వణుకుతోంది. దాని మీద ఆనిన నా చెయ్యి మోచేతి దాకా వణుకుతోంది. ఆమె కుడిచెయ్యి గేరు కర్ర మీద ఉంది. అలవాటు కొద్దీ నేను ఆ చెయ్యి వైపే చూశాను. చాలాసేపు చూశాను. అది కదులుతూనే ఉంది, కారుతో పాటు, నాతో పాటు. అందులో ఏది ఆమె వణుకో ఎంత వెతికినా నాకు దొరకలేదు.